ఫోనులో వచ్చిన రైలు

“బండి రాలేదక్కా. వచ్చింటే పాపను ఎక్కిచ్చుకోకుండా నేనెందుకు తిరుక్కొని వస్తా?”

భాస్కర్ గొంతు బొంగురుపోయింది. పొద్దున్నుంచి ఇదే మాట. కానిస్టేబుల్‌కి చెప్పాడు, రైటరుకి చెప్పాడు, ఎస్సై హరికృష్ణకైతే అడిగినప్పుడల్లా చెప్పాడు. ఎవరూ నమ్మలేదు. ఇప్పుడు జమ్మలమడుగు పోలీస్ స్టేషన్ వెనక గదిలో, బల్లకు ఇవతల కూర్చున్న కుసుమకు చెబుతున్నాడు.

కుసుమది పులివెందుల. అక్కడ జెరాక్సు షాపు మేడ మీద గది అద్దెకు తీసుకుని డిటెక్టివ్ బోర్డు పెట్టింది. ఇంతవరకూ వచ్చినవన్నీ పెళ్లి సంబంధాల ఎంక్వయిరీలు, పోయిన మోటారుసైకిళ్లు. బిడ్డ కనబడకుండా పోయిన కేసు ఇదే మొదటిది. భాస్కర్ తల్లి నాగులమ్మ మొదటి బస్సుకే పులివెందులలో దిగి, “నా కొడుకు బిడ్డల్ని ఎత్తుకపోయేటోడు కాదు పాపా” అని గుమ్మంలోనే కూలబడిపోయింది. అప్పుడు కుసుమ తన కూతురికి జడ వేస్తోంది. సగం వేసిన జడ రబ్బరు బ్యాండుతో బిగించేసి, పిల్లను స్కూలు వ్యానెక్కించి, నాగులమ్మ వెంట వచ్చేసింది.

కేసు చెప్పుకుంటే నాలుగు ముక్కలే. ఆరేళ్ల అనఘకు తండ్రి లేడు. ఆయన పోయాక పాప ప్రొద్దుటూరులో నాయనమ్మ దగ్గర, బాబాయి శశిధర్ దగ్గర ఉండిపోయింది. తల్లి శాంతకుమారి జమ్మలమడుగులో టీచరు. బిడ్డను పంపమని ఆమె తిరగని గడప లేదు. చివరికి పెద్దమనుషులు కూర్చుని పాప తల్లి దగ్గరే ఉండాలని తేల్చారు. నిన్న ఆదివారం సాయంత్రం బండికి శశిధర్ పాపను తీసుకొచ్చి జమ్మలమడుగు స్టేషన్‌లో దించాలి. అత్తగారి వైపు మనుషుల ముఖం చూడటం ఇష్టంలేక శాంతకుమారి తాను వెళ్లలేదు. తన స్కూలు పిల్లల్ని రోజూ తిప్పే ఆటో భాస్కర్‌ని పంపింది. ఆటో మామ వస్తాడని పాపకూ ఫోనులో చెప్పింది. పొద్దుగూకేవేళకు ఆటో ఖాళీగా తిరిగొచ్చింది.

శశిధర్ ఏమంటాడంటే, బండి సరిగ్గా నాలుగుంబావుకు వచ్చింది, ప్లాట్‌ఫారం మీదే పాపను భాస్కర్ చేతికి అప్పజెప్పాను, కదులుతున్న బండి మళ్లీ ఎక్కి నా పని మీద నంద్యాల వెళ్లిపోయాను అంటాడు. భాస్కర్ మాత్రం అసలు బండే రాలేదంటాడు.

ఇద్దరిలో ఒకరిది అబద్ధం. అది ఎవరిదో హరికృష్ణ తన ఫోను చూసి తేల్చేశాడు. రైళ్ల రాకపోకలు చూపించే ‘బండిజాడ’ అనే యాప్‌లో, నిన్నటి బండికి జమ్మలమడుగు పేరు పక్కన పచ్చ చుక్క, ‘రైట్ టైం’ అని రెండు మాటలు ఉన్నాయి. దాంతో భాస్కర్ దొంగయ్యాడు.

“ఆటో యాడ పెట్టినావు?” అని అడిగింది కుసుమ.

“స్టేషను బయట, గోడ నీడన.”

“లోపలికి పోలేదా?”

“పోలేదక్కా. బయటికే తీసుకొస్తారని టీచరమ్మ చెప్పింది.”

“నిద్రపోయినావా?”

భాస్కర్ తల వంచుకున్నాడు. “ఒక్క రవ్వ కన్ను మూసింటా. ఎండ అట్లుండె.”

తలుపు దగ్గర చప్పట్లు వినపడ్డాయి. హరికృష్ణ ఎప్పుడొచ్చి నిలబడ్డాడో, ముఖంలో నవ్వు దాచుకోలేదు.

“శానా బాగుందమ్మా! పొద్దున్నుంచి మేం అడిగితే రెప్ప గూడా వాల్చలేదన్నోడు, నీకాడ కన్ను మూసినానంటాండాడు. ఆ మాట రాసుకో రైటరూ.”

కుసుమ అటు తిరగలేదు. “నువ్వున్నంత సేపట్లో స్టేషనుకు ఎవరన్నా వచ్చినారా భాస్కర్?”

“వచ్చినారక్కా. నలుగురైదుగురు. ఉరుక్కుంటా లోపలికి పోయినారు. రవ్వంత సేపటికే తిరుక్కొని వచ్చినారు, తిట్టుకుంటా.”

“రైల్వే వాళ్లనా?”

“కాదు, వాళ్లను వాళ్లే. ఒక ముసలామె నెత్తి కొట్టుకునింది గూడా.”

“బండి దిగి ఆటో కావాలని ఎవరన్నా అడిగినారా?”

“ఒక్కరడిగితే ఒట్టు. బండి వచ్చింటే అడక్కుండా పోతారా?”

కుసుమకు ఒక మాట మనసులో ముల్లులా గుచ్చుకుంది. బండి రాకపోతే జనం రైల్వేను తిడతారు. వీళ్లు తమను తాము తిట్టుకున్నారంటే ఏమిటి?

“అయిపోయిందా?” అన్నాడు హరికృష్ణ. “పులివెందులలో రైలు పట్టానే లేదు గదమ్మా. బండ్ల సంగతి నీకేం తెలుసని వచ్చినావు?”

“తెలీదు సార్. అందుకే అడుగుతాండా.”

“అడగాల్సింది ఒకటే, పాపను యాడ పెట్టినావని. వీని మేనమామకు సింహాద్రిపురం పక్కన గొర్రెల దొడ్లుండాయి. మా వాళ్లంతా ఆడనే ఉండారు. రాత్రిలోపల పాప దొరుకుతాది.”

“ఆడ లేకపోతే?”

“లేకపోతే అంటే?”

“మీ వాళ్లంతా సింహాద్రిపురంలో ఉండారు. పాప ఆడ లేకపోతే, ఉన్న చోట వెతికేవాళ్లు ఒక్కరు గూడా లేరు సార్.”

హరికృష్ణ నవ్వు కొంచెం తగ్గింది. టోపీ సర్దుకున్నాడు. “ఆ శశిధర్ ఈ పొద్దు గూడా అదే బండికి వస్తాండాడు. ప్రొద్దుటూరులో ఎక్కినానని ఇప్పుడే ఫోన్ చేసినాడు. వాంగ్మూలం మీద సంతకం పెట్టిచ్చుకుని వీన్ని జడ్జి ముందర నిలబెడతా. నేను స్టేషనుకు పోతాండా. రావాలంటే రా. రైలు ఎట్లుంటాదో చూసి పోదువు.”

రైటరు కిసుక్కున నవ్వాడు. కుసుమ బ్యాగు భుజాన వేసుకుంది.

“వస్తా సార్. నేనూ అదే చూద్దామనుకుంటాండా.”

•

రైల్వే స్టేషన్ బయట భాస్కర్ చెప్పిన గోడ దగ్గర కుసుమ ఆగింది. వెనక్కి చేరగిలబడి కళ్లు మూసుకుంది. ప్లాట్‌ఫారం మీద ఎవరో దగ్గిన దగ్గు స్పష్టంగా వినపడింది. ఎండుటాకు కదిలినా వినపడుతోంది.

“ఇంత దగ్గర్లో రైలు కూత పెడితే, ఎట్లాంటి నిద్రయినా పోతాది సార్.”

“దొంగ నిద్ర పోదులే” అని ముందుకు నడిచాడు హరికృష్ణ.

టికెట్ల కిటికీ ఇంకా తెరవలేదు. ప్లాట్‌ఫారానికి అవతల, పట్టాలు దాటాక ఉన్న ఖాళీలో నాగులమ్మ మేకల్ని తోలుకొచ్చి నిలబడి ఉంది. కొడుకు పోలీస్ స్టేషన్లో ఉన్నా మూగజీవాలకు మేత ఆగదు. అయినా ఆమె కళ్లు మేకల మీద లేవు, కుసుమ మీదే ఉన్నాయి.

బెంచీ మీద ఒక ముసలామె మూటా టిఫిను క్యారియరూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ దగ్గు ఆమెదే. కుసుమ పక్కన చేరింది. పేరు చాంద్‌బీ అట, నంద్యాలలో కూతురికి నెలలు నిండాయట.

“బండికి ఇంకా టైముంది గదా బూబమ్మా, ఇంత ముందే వచ్చినావే?”

“నిన్న తప్పిపోయింది బేటీ. అందుకే ఈ పొద్దు అన్నం గూడా సక్కంగా తినకుండా వచ్చి కూసున్యా. బస్సు నాకు పడదు, వాంతులు. లేకుంటే నిన్ననే పోయేదాన్ని.”

కుసుమ నెమ్మదిగా అడిగింది. “నిన్న ఎట్ల తప్పింది?”

“ఏం చెప్పల్ల! స్టేషను ఊరికి దూరం. ముందే వచ్చి ఎండలో ఎవరు కూసుంటారు? బండి ప్రొద్దుటూరు వదిలిందని ఫోన్లో కనపడినాక ఆటో ఎక్కుతాం, మేమంతా అంతే. నిన్న ఆటో రవ్వ ఆలస్యమయ్యింది. నేను ఈడ దిగేసరికి ఇంటికాడ్నుంచి మా మనవరాలు ఫోన్ చేసింది, నానీ, బండి పోయిందీ అని. నెత్తి కొట్టుకుంటి.”

“బండి పోవడం కంటితో చూసినావా?”

“పోయినాక ఏం చూసేది?”

“తోకయినా కనపడలేదా? పోయిన సద్దయినా?”

చాంద్‌బీ ఆలోచించింది. “లేదు బేటీ. ఇంకా ముగ్గురు నలుగురుండిరి. అందరూ ఫోన్లు చూసుకున్యారు. పోయింది, పోయింది అన్యారు. నేనూ అంటి. అందరం ఆలస్యమే గదా, ఎవరినేమంటాం!”

వాళ్లంతా తమను తాము తిట్టుకుంటూ ఎందుకు తిరిగి వెళ్లారో కుసుమకు ఇప్పుడు తెలిసింది. ఇంత మంది వచ్చారు. ఒక్కరు కూడా బండి రాలేదనుకోలేదు. తామే ఆలస్యంగా వచ్చామనుకున్నారు. రాని బండిని అందరూ కలిసి పంపించేశారు. ఊళ్లో ఎవరినడిగినా నిన్న బండి వచ్చిందనే చెబుతారు. రాలేదన్నవాడు ఒక్కడే, వాడు లాకప్పులో ఉన్నాడు.

అప్పుడే ఆమె ఫోను టింగుమంది. పులివెందుల నుంచి పక్కింటి ఖైరున్నీసా పంపిన ఫోటో. గడపలో కూతురి చిన్న చెప్పుల జత, ఒకటి బోర్లా పడి ఉంది. రోజూ స్కూలు వదిలాక ఈ ఫోటో రావాల్సిందే. ‘బెల్లు కొట్టినారు గదా, పాప వచ్చేసే ఉంటుంది లే’ అని ఖైరున్నీసా ఎన్నిసార్లు ఓదార్చినా కుసుమ వినలేదు. బెల్లు కొట్టడం బెల్లు కొట్టడమే. పిల్ల ఇంటికి రావడం వేరే సంగతి. చెప్పులు కనపడితేనే ఆమెకు ఊపిరి ఆడుతుంది. ఈ పిచ్చికి ఇంట్లో అందరూ నవ్వుతారు.

కుసుమ ఫోటోను ఇంకోసారి చూసింది. తర్వాత లేచి హరికృష్ణ దగ్గరికి నడిచింది.

“సార్, మీ ఫోన్లో ఇప్పుడు బండి యాడుంది?”

“వచ్చేస్తాంది. చూడు.” తెరను ఆమె ముందు పెట్టాడు. పచ్చ చుక్క జమ్మలమడుగు పేరుకు అంటుకుని ఉంది. వాళ్లిద్దరూ చూస్తుండగానే కింద అక్షరాలు మారాయి. బండి జమ్మలమడుగు చేరింది. రైట్ టైం.

“చేరింది” అన్నాడు హరికృష్ణ, తల ఎత్తాడు.

పట్టాల మీద మేకలున్నాయి. ఒక గొడ్డుమేక రెండు పట్టాల నడుమ నిలబడి, కంకర సందులో మొలిచిన గడ్డి పీకుతోంది. కంటి చూపు ఆనినంత దూరం పట్టాలు ఖాళీగా మెరుస్తున్నాయి.

హరికృష్ణ ఫోను చూశాడు. పట్టాలు చూశాడు. మళ్లీ ఫోను చూశాడు.

“రవ్వంత అటూ ఇటూ ఉంటాది” అన్నాడు.

“ఉంటాది సార్. చూద్దాం.”

ఇద్దరూ నిలబడ్డారు. కాసేపటికి చుక్క కదిలింది. జమ్మలమడుగు దాటింది. సంజామల వైపు బయలుదేరింది. గొడ్డుమేక తల కూడా ఎత్తలేదు.

“ఓ బేటీ!” బెంచీ మీద నుంచి చాంద్‌బీ మొర పెట్టింది. “మనవరాలు ఫోన్ చేసింది, బండి పోయిందంట! నేను ఈడనే కూసున్యా గదా, మళ్లీ ఎట్ల పోయింది?”

“పోలేదు బూబమ్మా, కూర్చో. ఇంకా రాలేదు” అంది కుసుమ. హరికృష్ణ వైపు తిరిగింది. “సార్, ఈ యాప్‌కు కబురు రెండు దిక్కులనుంచి వస్తాది. ఒకటి టైంటేబులు. అది ఎప్పుడో రాసిపెట్టింది. రెండోది, బండి యాడుందని స్టేషన్లనుంచి అప్పటికప్పుడు వచ్చే కబురు. ఈ రెండూ కలిపి మనకు చూపిస్తాది. కబురు వస్తే కబురు చూపిస్తాది. రాకపోతే నాకు తెలీదు అని చెప్పదు. ఆ ఖాళీలో టైంటేబులు తెచ్చి పెట్టేస్తాది. రెండిటికీ అదే పచ్చ చుక్క. చూసేవాళ్లకు ఏది కబురో, ఏది టైంటేబులో ఎట్ల తెలుస్తాది?” తన ఫోనులో చెప్పుల ఫోటో చూపించింది. “స్కూల్లో బెల్లు కొట్టినారని తెలిస్తే పిల్ల ఇంట్లో ఉందని అనుకుంటామా? గడపలో ఇవి చూడల్ల గదా.”

టికెట్ల కిటికీ తెరుచుకుంది. హరికృష్ణ విసవిసా అటు నడిచి బండి సంగతి అడిగాడు. లోపలి క్లర్కు చాలా మామూలుగా జవాబిచ్చాడు. “మధ్యలో లైను పని జరుగుతోంది సార్. బండి ప్రొద్దుటూరులోనే నిలిపినారు. వదిలేసరికి ఇంకో గంట పట్టచ్చు.”

“నిన్న?”

“నిన్న నా డ్యూటీ కాదు. కనుక్కుని చెప్తా, ఉండండి.”

హరికృష్ణ తిరిగొచ్చాడు. మెత్తబడలేదు, కానీ గొంతులో ఎగతాళి పోయింది. “సరే. ఈ పొద్దు ఫోను తప్పు చూపిచ్చింది. నిన్న గూడా తప్పేనని ఎట్లంటావు?”

“అనను సార్. మీరడిగింది కరెక్టే. అందుకే శశిధర్‌కు ఫోన్ చేయండి. బండిలో ఉండానన్నాడు గదా. నిజంగా ఉంటే, ప్రొద్దుటూరులో నిలబడిపోయినాం సార్, విసుగొస్తాంది అంటాడు. ఫోను చూసి చెప్పేవాడైతే జమ్మలమడుగు దాటినానంటాడు. స్పీకరు పెట్టండి. మీరు మాత్రం ఏమీ తెలీనట్లే మాట్లాడల్ల.”

హరికృష్ణ ఆమె ముఖంలోకి ఒకసారి చూశాడు. నంబరు నొక్కాడు.

చాలాసేపు మోగింది. తర్వాత శశిధర్ గొంతు, మర్యాదగా, కాస్త ఆయాసంగా వచ్చింది. “సార్, నమస్తే సార్.”

“యాడుండావప్పా? నేను స్టేషన్లో నీ కోసం చూస్తాండా.”

ఒక్క క్షణం నిశ్శబ్దం. ఫోను చెవి దగ్గర్నుంచి తీసి తెర చూసుకునేంత క్షణం.

“అయ్యో, ఏం చెప్పమంటారు సార్! కునుకు పట్టింది. కళ్లు తెరిచేసరికి బండి జమ్మలమడుగులో కదిలిపోతోంది. మీరు ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉన్నారు, కిటికీలోంచి చూశాను కూడా. చెయ్యి ఊపాను, మీరు చూడలేదు. సంజామలలో దిగి వెనక్కి వచ్చేస్తాను సార్. కొంచెం పొద్దుపోతుందేమో.”

హరికృష్ణ తల తిప్పి చూశాడు. ఎదురుగా ఖాళీ పట్టాలు. కుసుమ చేత్తో సైగ చేసింది, మాట్లాడుతూ ఉండమని.

“ఓ… నేను చూసుకోల్యా” అన్నాడు హరికృష్ణ ఎలాగో. “కిటికీ పక్కన కూర్చున్నావా?”

“అవును సార్, గాలికి.”

కుసుమ కళ్లు మూసుకుంది. ఇందాక గోడ దగ్గర విన్నట్టే వింది. శశిధర్ మాటల వెనక చక్రాల చప్పుడు లేదు. ఏదో ఇంజను గురగురమంటోంది. ఎవరో రేకు మీద అరచేత్తో దబదబా కొట్టారు. “చెన్నూరు, కడప! ఎక్కల్ల, ఎక్కల్ల! చెన్నూరు, కడప!”

దాని వెనకే, ఫోనుకు చాలా దగ్గరగా, నిద్రమత్తులో ఒక చిన్న గొంతు. “బాబాయ్, ఆటో మామ ఇక్కడికే వస్తాడా?”

పాప బతికే ఉంది. కుసుమ పెదవులు బిగించింది. ఇంకొక్క నిమిషం. ఇంకొక్క నిమిషం మాటల్లో పెడితే చాలు.

సరిగ్గా అప్పుడే పట్టాల అవతలి నుంచి నాగులమ్మ గొంతు, పొలాల మీదుగా మందను పిలిచే గొంతు, ప్లాట్‌ఫారం అంతా మోగింది.

“పట్టాలు దిగండే మీ పాసుగూల! ఇంకా బండి రాల్యా, వస్తే సస్తారు!”

మేకలు మే మే అని జవాబిచ్చాయి.

ఫోనులో శశిధర్ ఊపిరి ఆగింది. వీళ్లు అతని బస్టాండును విన్నట్టే, అతను వీళ్ల ఖాళీ స్టేషన్‌ను విన్నాడు.

“సార్…” అన్నాడు చాలా నెమ్మదిగా. అంతే, లైను తెగింది. హరికృష్ణ మళ్లీ చేశాడు. స్విచాఫ్.

“నిన్న గూడా ప్రొద్దుటూరులోనే ఆపేసి వెనక్కు పంపినారంట సార్!” కిటికీ లోంచి క్లర్కు కేకేశాడు. “ముందుకే రాలేదని ఈడ కిటికీ గూడా తెరవలేదంట!”

నిన్న ప్రొద్దుటూరు స్టేషన్‌లో కాలు పెట్టినవాడెవడికైనా ఆ సంగతి తెలిసి ఉండేది. శశిధర్ అటువైపే పోలేదు. పాపను ఎక్కడో దాచి, ఫోను చూసి ప్రయాణం చేశాడు.

“పిల్లల్లేరు ఆయనకు” అన్నాడు హరికృష్ణ, తనలో తను అనుకున్నట్టు. “పాపను ఇడిసి ఉండలేమని ఆయన భార్య ఏడ్చింది పొద్దున. నేను అయ్యో అనుకుంటి.” తేరుకున్నాడు. “కడప బస్సు. ప్రొద్దుటూరులోనే ఉండాడు!”

“కాదు సార్, మైదుకూరు. ప్రొద్దుటూరులో కడప బస్సుకు ఎర్రగుంట్ల అనో మైదుకూరు అనో కేకేస్తారు. ముందే చెన్నూరు అని కేకేసినారంటే అది మైదుకూరు బస్టాండే.” కుసుమ బ్యాగు తీసుకుంది. “మా ఊళ్లో రైలు లేదు గద సార్. మాకు తెలిసేది బస్సులే.”

హరికృష్ణ ఆ మాటకు తల దించుకుని, వెంటనే వైర్‌లెస్ అందుకున్నాడు. మైదుకూరు స్టేషన్‌కు చెప్పాడు, చెన్నూరు దగ్గర వంతెన మీద బస్సులన్నీ ఆపమన్నాడు. తన మనుషుల్ని పిలిచాడు. వాళ్లంతా జిల్లాకు ఆ చివర, సింహాద్రిపురంలో, గొర్రెల దొడ్లలో గడ్డి తిరగేస్తున్నారు.

“మనకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసిపోయింది” అంది కుసుమ, జీపు వైపు నడుస్తూ. “ఇంక ఆ బస్సులో ఉండడు. ఉన్నా మధ్యలో దిగేస్తాడు. యాడ దిగినా, పాప ఏడిస్తే నోరు మూస్తాడు. అదీ నా భయం.”

“నేను పోయి పాపను మైకులో పిలిపిస్తా.”

“మీరు పిలిస్తే రాదు సార్. యూనిఫారం చూస్తే ఇంకా దాక్కుంటాది. పాప ఎవరికోసం చూస్తాందో మీరే విన్నారు గదా.”

హరికృష్ణ జీపు తలుపు పట్టుకుని ఆగిపోయాడు. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. అందులో బండి సంజామలకు దగ్గరవుతోంది, రైట్ టైం. ఆ ఫోను ఆపేసి జేబులో పెట్టుకున్నాడు. వైర్‌లెస్ మళ్లీ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు.

“రైటరూ, భాస్కర్‌ని బయటికి తీసుకురా. నేను వస్తాండా.” అటువైపు నుంచి ఏదో ప్రశ్న వచ్చింది. “బేడీలు వద్దు. నా పక్క సీట్లో కూర్చుంటాడు.”

పట్టాల అవతల నాగులమ్మ ఇంకా మేకల్ని అదిలిస్తోంది. కొడుకును ఎక్కడికి తీసుకుపోతున్నారో, తన కేక ఏం చేసిందో ఆమెకు తెలియదు. కుసుమ చెయ్యెత్తి చూపించింది, మంచిదే అన్నట్టు. జీపు కదిలింది. కుసుమ ఒళ్లో ఫోను మళ్లీ తెరిచింది. గడపలో చిన్న చెప్పులు. జమ్మలమడుగులో శాంతకుమారి గుమ్మం ఇంకా ఖాళీగానే ఉంది.